మూడున్నర ఆపరేషన్ల మోచేయి

2018 ఏప్రిల్ 25న బాల్టిమోర్‌లో ఒక మామూలు బేస్‌బాల్ ఆట. టాంపా బే రేస్ జట్టు తరఫున జానీ వెంటర్స్ అనే 33 ఏళ్ల ఎడమచేతి పిచర్ వచ్చి ఒకే ఒక్క బ్యాటర్‌కు బంతులు వేశాడు. క్రిస్ డేవిస్ అనే ఆ బ్యాటర్ కొట్టిన బంతి నేలమీద దొర్లి ఫీల్డర్‌కు చిక్కింది. డేవిస్ ఔట్. వెంటర్స్‌కు ఆ రోజు పని అయిపోయింది. స్కోరుకార్డులో అదొక గీత, అంతే.

అయితే అతను అంతకుముందు అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో బంతి వేసింది 2012 అక్టోబరులో. మధ్యలో ఐదున్నరేళ్లు గడిచాయి. ఆ ఐదున్నరేళ్లలో అతని ఎడమ మోచేతిలో ఒకే చోట, ఎముకలను కలిపి పట్టే ఒకే లిగమెంటు మూడుసార్లు దెబ్బతింది. దానికి చాలా ముందు, 2005లో చిన్న లీగుల్లో ఆడుతుండగానే అదే లిగమెంటు ఒకసారి తెగింది. మొత్తం నాలుగుసార్లు. మూడుసార్లు పూర్తి ఆపరేషన్, నాలుగోసారి సగం. అందుకే బేస్‌బాల్ రాతగాళ్లు అతనికి జరిగినవి 'మూడున్నర ఆపరేషన్లు' అని లెక్కగట్టారు.

ఇలాంటి కథల్ని పట్టుదలకు నిదర్శనంగా చెప్పుకోవడం రివాజు. 2018లో నేషనల్ లీగ్ 'కమ్‌బ్యాక్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్' అవార్డు వెంటర్స్‌కే దక్కింది, సబబే. పట్టుదలను నేను కాదనను. కానీ పట్టుదలతో కండలు పెరుగుతాయి గానీ లిగమెంటుకు దాని సంగతి తెలియదు. ఈ వ్యాసం ఆ లిగమెంటు గురించి.

బేస్‌బాల్ తెలియనివారికి ముందు నాలుగు ముక్కలు. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడే, కాకపోతే పరుగెత్తుకుంటూ రాడు. పది అంగుళాల ఎత్తున్న మట్టిదిబ్బ మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న బ్యాటర్ వైపు బంతిని నేలకు తగలకుండా విసురుతాడు. మన పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు. దూరంలో పెద్ద తేడా లేదు. బంతి బరువులోనూ అంతే: క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములు, బేస్‌బాల్ బంతి 142 నుంచి 149 గ్రాములు. మన ఫాస్ట్ బౌలర్ అంత దూరం నుంచి పరుగెత్తుకొచ్చి గంటకు 145 కిలోమీటర్ల వేగంతో వేస్తే అబ్బో అంటాం. పిచర్ ఒకే ఒక్క అంగ ముందుకు వేసి 155 వేస్తాడు. 160 దాటించేవాళ్లు కూడా ఇప్పుడు తక్కువేమీ లేరు. పరుగు లేకుండా అంత వేగం ఎక్కడి నుంచి వస్తోంది?

మోచేతి వంపులో ఉంది కిటుకంతా. క్రికెట్‌లో బౌలర్ చేయి చాచి తిప్పాలి. వంగిన మోచేతిని బంతి వదిలేలోగా 15 డిగ్రీలకు మించి చాచితే అది త్రో, ఐసీసీ ఊరుకోదు. ఆ నియమం మన బౌలర్ల మోచేతుల్ని చాలావరకు కాపాడింది, భారాన్ని తీసుకెళ్లి నడుము మీద పెట్టింది. జస్‌ప్రీత్ బుమ్రా 2022 టీ20 ప్రపంచకప్‌కు దూరమైందీ, 2023 మార్చిలో ఆపరేషన్ చేయించుకుందీ వెన్ను దెబ్బతోనే. బేస్‌బాల్‌లో ఆ నియమం లేదు. విసరడమే ఆట. కాబట్టి అక్కడ బాకీ కట్టేవి భుజం, మోచేయి.

ఒక విసురును నెమ్మదిగా చూద్దాం. పిచర్ ముందుకాలు నేలను తాకిన క్షణం నుంచి బంతి వేళ్లను వదిలేదాకా పట్టే సమయం సెకనులో ఏడో వంతు. ఆ లోపల తుంటి, నడుము, ఛాతీ ఒకదాని వెనక ఒకటి బ్యాటర్ వైపు తిరుగుతాయి. చేయి మాత్రం వెనకబడుతుంది. ఛాతీ ముందుకు దూసుకుపోతుంటే, దాదాపు లంబకోణంలో వంగిన మోచేతి మీద ముంజేయి బంతితో సహా వెనక్కి వాలిపోయి, నేలకు ఇంచుమించు సమాంతరంగా పడుకుంటుంది. ఆ క్షణాన తీసిన ఫొటో చూస్తే చేయి విరిగిందేమోనని భయం వేస్తుంది. ఆ తర్వాత భుజం ఒక్కసారిగా లోపలికి తిరుగుతుంది. సెకనుకు సుమారు 7,000 డిగ్రీల వేగం అది. అదే జోరుతో తిరుగుతూ పోగలిగితే సెకనుకు పందొమ్మిది చుట్లు పూర్తవుతాయి. మనిషి శరీరం చేసే అతివేగమైన కదలికల్లో ఇదొకటి.

చిక్కు వచ్చేది ఆ వెనక్కి వాలడం ఆగి, ముందుకు తిరగడం మొదలయ్యే చోట. మోచేయి ముడుచుకోవడానికీ చాచుకోవడానికీ ఏర్పడిన కీలు. పక్కకు వంగడానికి కాదు. ఆ క్షణాన దాన్ని పక్కకు వంచే బలమే పడుతుంది. భుజం చేతిని ముందుకు లాగుతుంటుంది, ముంజేయి ఇంకా వెనకే ఉంటుంది, కీలు లోపలివైపు తెరుచుకోబోతుంది. తెరుచుకోకుండా పట్టి ఉంచేది భుజం నుంచి వచ్చే ఎముకనూ, ముంజేతి ఎముకనూ లోపలివైపున కలిపే ఒక చిన్న లిగమెంటు. వైద్యులు యూసీఎల్ అంటారు. పొడవు రెండు మూడు సెంటీమీటర్లు, వెడల్పు అర సెంటీమీటరు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరంలో అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. గ్లెన్ ఫ్లైసిగ్, ఆయన సహచరులు అక్కడ పిచర్ల విసురును వేగంగా చిత్రించే కెమెరాలతో పట్టి, 1995లో ఒక లెక్క ప్రచురించారు. మోచేతిని పక్కకు వంచే ఆ బలాన్ని ఎదుర్కోవడానికి శరీరం పెట్టాల్సిన మెలి బలం సుమారు 64 న్యూటన్ మీటర్లు అని తేలింది. అంటే లంబకోణంలో వంచిన చేతిని బల్లమీద ఆనించి, ముంజేతి చివర 20 కిలోలకు పైగా బరువు కట్టి, మోచేయి వంగని దిక్కుకు లాగినట్టు. ఒక్కసారి కాదు, ఆటకు తొంభై వందసార్లు.

ఇప్పుడు రెండో లెక్క. మరణానంతరం దానం చేసిన దేహాల నుంచి తీసుకున్న మోచేతుల్లో ఈ లిగమెంటును ప్రయోగశాలలో తెగేదాకా వంచి చూశారు. 30 చిల్లర న్యూటన్ మీటర్ల దగ్గరే తెగింది. విసురులో పడే భారం 64, తట్టుకోగలిగింది అందులో సగం. ఈ లెక్క ప్రకారం ప్రతి పిచర్ లిగమెంటూ మొదటి బంతికే తెగిపోవాలి.

తెగడం లేదంటే భారాన్ని పంచుకునేవి ఇంకా ఉన్నాయన్నమాట. ముంజేతి లోపలివైపున వేళ్లనూ మణికట్టునూ ముడిచే కండరాల గుంపు ఒకటుంది. అవి సరిగ్గా ఆ లిగమెంటు మీదుగానే పోతాయి, బిగుసుకుని కీలును మూసి ఉంచుతాయి. అవతలివైపు ఎముకలు ఒకదానికొకటి నొక్కుకుని కొంత భారం మోస్తాయి. మిగిలింది లిగమెంటుది. ఎంత మిగులుతుందన్నది ప్రతి విసురుకీ మారుతుంది. కండరం అలసిపోతే దాని వాటా తగ్గుతుంది, లిగమెంటు వాటా పెరుగుతుంది. అలసటతో వేసిన బంతి ప్రమాదమని కోచ్‌లు చెప్పేదానికి ఆధారం ఇదే.

బంతి వేస్తుండగా మోచేతిలో 'టప్' మన్న చప్పుడు వినిపించిందని చాలామంది పిచర్లు చెబుతారు. విన్నవాళ్లు ఆ బంతే చేటు చేసిందనుకుంటారు. చాలాసార్లు అది నిజం కాదు. బావి గిలక మీద ఏళ్ల తరబడి నడిచిన చేద తాడు ఒక్కో పోగే తెగుతూ వచ్చి, ఏదో ఒక రోజు మామూలు బిందెకే పుటుక్కుమంటుంది. లిగమెంటులోని కొల్లాజెన్ పోగుల సంగతీ అంతే. చిన్న చిన్న చీలికలు వస్తుంటాయి, విశ్రాంతి దొరికితే శరీరం వాటిని అతుకుతుంటుంది. అతికే పనికంటే చీలే పని వేగం పుంజుకుంటే చివరికి నష్టపోయేది లిగమెంటే. అతికే పని నెమ్మదిగా సాగడానికి కారణం రక్త ప్రసరణ. కండరానికి అందినంత రక్తం లిగమెంటుకు అందదు. ఒక సీజన్ విరామంలో జిమ్‌కు వెళ్లి కండరాన్ని పెంచుకోవచ్చు. లిగమెంటును ఆ వేగంతో పెంచే వ్యాయామం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. విసిరే బలం పెరుగుతూ పోతుంది, పట్టి ఉంచేది ఉన్నచోటే ఉంటుంది.

ఒకప్పుడు ఇది తెగితే పిచర్ ఇంటికి వెళ్లిపోయేవాడు. ఏం తెగిందో కూడా చాలామందికి తెలిసేది కాదు, 'చేయి చచ్చింది' అనేవారు. లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ దిగ్గజం శాండీ కోఫాక్స్ 1966లో 27 గెలుపులు, 317 స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ను మూడు స్ట్రైకులతో ఔట్ చేయడం) సాధించి, ఆ ఏడాది చివరే 30 ఏళ్ల వయసులో రిటైరయ్యాడు. ఎడమ మోచేతిలో కీళ్లవాతం. కోర్టిజోన్ ఇంజెక్షన్లు, ఐసుముక్కల తొట్టి తప్ప అప్పటి వైద్యం దగ్గర మరో దారి లేదు.

ఎనిమిదేళ్లకు అదే జట్టులో మరో ఎడమచేతి పిచర్‌కు ఆ గతే పట్టింది. పేరు టామీ జాన్. 1974 జులై 17న మాంట్రియల్ జట్టుతో ఆడుతుండగా మోచేయి దెబ్బతింది. అప్పటికి ఆ సీజన్‌లో 13 గెలుపులు, 3 ఓటములతో మంచి ఊపు మీదున్నాడు. జట్టు వైద్యుడు ఫ్రాంక్ జోబ్. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో వైద్య సహాయకుడిగా పనిచేసిన మనిషి. తెగిన లిగమెంటు స్థానంలో శరీరంలోని మరోచోటు నుంచి తీసిన టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే తాడును) పెడదామన్నారు. చేతికి సంబంధించిన వేరే జబ్బుల్లో టెండన్ మార్పిడి అప్పటికే ఉంది. పిచర్ మోచేతిలో చేయడం మాత్రం అదే మొదలు. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒక వంతు అని జోబ్ దాచకుండా చెప్పారు. టామీ జాన్ సరేనన్నాడు. 1974 సెప్టెంబర్ 25న ఆపరేషన్ జరిగింది. 1975 మొత్తం పోయింది. 1976లో తిరిగొచ్చి పది ఆటలు గెలిచాడు, 1977లో ఇరవై. 1989లో 46 ఏళ్ల వయసులో ఆట మానేనాటికి అతని ఖాతాలో 288 గెలుపులున్నాయి. అందులో 164 ఆపరేషన్ తర్వాతవే.

ఆపరేషన్ మౌలికంగా ఇదీ. ముంజేతి నుంచి అరచేతి దాకా పోయే సన్నటి టెండన్ ఒకటి ఉంది, పేరు పాల్మారిస్ లాంగస్. మీరూ చూసుకోవచ్చు. బొటనవేలి కొసను చిటికెనవేలి కొసకు ఆనించి, మణికట్టును కాస్త లోపలికి వంచండి. మణికట్టు మధ్యలో బిగుసుకుని పైకి తేలితే అదే. కొందరికి పుట్టుకతోనే ఉండదు, లేనందువల్ల వాళ్లకు ఏ లోటూ ఉండదు. తీసేసినా ఇబ్బంది లేదనే సర్జన్లకు అదంటే ఇష్టం. అది లేనివాళ్లకు తొడ వెనకవైపు నుంచి మరో టెండన్ తీస్తారు. మోచేతి దగ్గరి రెండు ఎముకల్లోనూ సన్నటి రంధ్రాలు తొలిచి, ఈ టెండన్‌ను వాటిగుండా దూర్చి, లాగి బిగించి కుడతారు.

అసలు వింత ఆ తర్వాత మొదలవుతుంది. కొత్త చోటికి వచ్చిన టెండన్‌లోని పాత కణాలు చాలావరకు చనిపోతాయి. చుట్టుపక్కల నుంచి రక్తనాళాలు లోపలికి పాకుతాయి, కొత్త కణాలు వచ్చి కాపురం పెడతాయి, పోగులను భారం పడే దిశలో మళ్లీ పేరుస్తాయి. నెలల తరబడి సాగే ఈ పనిలో టెండన్ మెల్లగా లిగమెంటు లక్షణాలు తెచ్చుకుంటుంది. పిచర్ ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఆగాల్సింది గాయం మానడం కోసం కాదు, ఈ మార్పు కోసం. మొదటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో నూటికి 80 మందికి పైగా మళ్లీ ఆడతారు. నేడు మేజర్ లీగ్ పిచర్లలో దాదాపు ముగ్గురిలో ఒకరి మోచేతిలో ఉన్నది ఇలా తెచ్చి పెట్టిన టెండనే.

జానీ వెంటర్స్ ఈ లోకంలో పుట్టినవాడు. 2003లో అట్లాంటా బ్రేవ్స్ జట్టు అతన్ని డ్రాఫ్ట్‌లో 30వ రౌండులో తీసుకుంది. అంటే ఎవరికీ పెద్దగా ఆశల్లేని కుర్రాడు. 2005లో మొదటి ఆపరేషన్. కోలుకుని, చిన్న లీగుల్లో మెట్టు మెట్టూ ఎక్కి 2010లో మేజర్ లీగ్‌కు వచ్చాడు. ఆట మధ్యలో వచ్చి ఒక ఇన్నింగ్స్ వేసి వెళ్లే రిలీవర్ పాత్ర. అతని ఆయుధం సింకర్. బ్యాటర్ దగ్గరికి వచ్చేసరికి కిందికి దిగిపోయే బంతి. గంటకు 95 మైళ్ల దరిదాపుల్లో, అంటే 153 కిలోమీటర్ల వేగంతో వస్తూ కిందికి దిగితే బ్యాటర్ ఏం చేస్తాడు? నేలకేసి కొడతాడు. 2011లో వెంటర్స్ బౌలింగ్‌లో బ్యాట్‌కు తగిలిన బంతుల్లో 70 శాతానికి పైగా నేలమీదే దొర్లాయి. ఎరిక్ ఓఫ్లాహర్టీ, వెంటర్స్, క్రెయిగ్ కింబ్రెల్ అనే ముగ్గురు రిలీవర్లు వరుసగా వస్తే అవతలి జట్టు ఆశ వదులుకునేది. అభిమానులు ముగ్గురి పేర్లూ కలిపేసి 'ఓవెంట్‌బ్రెల్' అని ముద్దుగా పిలుచుకున్నారు.

2010లో వెంటర్స్ 79 ఆటల్లో బంతి పట్టాడు. 2011లో 85. సీజన్‌కు ఆటలు 162. అంటే రోజు విడిచి రోజు కంటే ఎక్కువే. ఆ ఏడు మేజర్ లీగ్ మొత్తంలో అన్ని ఆటలు ఆడిన పిచర్ మరొకరు లేరు. ఆల్‌స్టార్ జట్టులో చోటు దక్కింది. 2012లో మోచేతి నొప్పితో కొన్నాళ్లు ఆగి కూడా 66 ఆటలు ఆడాడు. మూడేళ్లకు 230. పైగా రిలీవర్ల శ్రమలో లెక్కకు రానిది ఒకటుంది. పిలుపు వస్తుందేమోనని మైదానం పక్కన వేడెక్కడానికి వేసే బంతులు. కొన్ని రోజులు వేడెక్కి కూడా లోపలికి వెళ్లరు. ఆ బంతులు ఏ పట్టికలోనూ ఉండవు, మోచేతికి మాత్రం తెలుసు.

2013 మే నెలలో రెండో ఆపరేషన్. చేసింది ఈ రంగంలో పేరుమోసిన జేమ్స్ ఆండ్రూస్. కోలుకునే క్రమంలోనే మళ్లీ తెగింది. 2014 సెప్టెంబర్‌లో లాస్ ఏంజెలిస్ సర్జన్ నీల్ ఎలట్రాష్ మూడోసారి మార్చారు. 2016లో రేస్ జట్టు వారి చిన్న లీగుల్లో ఆడుతుంటే నాలుగోసారి. ఈసారి లిగమెంటు మధ్యలో తెగలేదు, ఎముక దగ్గర ఊడొచ్చింది. కొత్తది పెట్టకుండా ఊడినదాన్నే తిరిగి ఎముకకు బిగించారు. ఆ 'సగం' ఇదే.

ఒకసారి మార్చాక మళ్లీ మార్చడం ఎందుకు కష్టం? ఎముకలో పాత రంధ్రాలుంటాయి. కొత్త రంధ్రాలు వాటికి తగలకుండా తొలవాలి. లేకపోతే మధ్యలో మిగిలిన సన్నటి ఎముక గోడ విరిగిపోతుంది. సులువుగా దొరికే టెండన్ మొదటిసారే వాడేసి ఉంటారు. పక్కనే పోయే అల్నార్ నరం పాత గాయపు మచ్చలో ఇరుక్కుని ఉంటుంది. (మోచేయి దేనికైనా తగిలితే జివ్వుమనేది ఆ నరమే.) రెండో ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చేవాళ్ల శాతం మొదటిదానికంటే బాగా తక్కువ. మూడోదాని శాతం చెప్పడానికి సరిపడా మనుషులే లేరు. మూడున్నర తర్వాత మేజర్ లీగ్‌లో బంతి వేసినవాడిగా వెంటర్స్‌కు గుర్తింపు వచ్చింది అందుకే. 2018లో రేస్ జట్టుకూ, జులైలో జట్టు మారి మళ్లీ బ్రేవ్స్‌కూ కలిపి 50 ఆటలు ఆడాడు. 2019లో బ్రేవ్స్ వదులుకుంటే వాషింగ్టన్ నేషనల్స్ తీసుకుంది. అక్కడ మూడు ఆటలు ఆడేసరికి ఈసారి భుజం దెబ్బతింది. మేజర్ లీగ్ ఆట అక్కడితో ఆగింది.

85 ఆటలు ఆడించిన మేనేజర్‌దే తప్పని తేల్చేయడం సులువు. అట్లాంటాలో చాలామంది అలాగే తేల్చారు. కానీ 2005లో తెగినప్పుడు అతన్ని ఎవరూ అన్ని ఆటలు ఆడించలేదు. 2013 ఆపరేషన్ తర్వాత, 2014, 2016 దెబ్బల నాటికి అతను మేజర్ లీగ్‌లో ఒక్క బంతీ వేయలేదు. నా చూపు వేరేచోట ఉంది. టామీ జాన్, జానీ వెంటర్స్ ఇద్దరూ ఎడమచేతివాళ్లు. ఇద్దరి ఆయుధం సింకరే. ఇద్దరికీ అదే ఆపరేషన్. ఒకరు ఆ తర్వాత 14 సీజన్లు ఆడారు, మరొకరికి మిగిలినవి ముక్కలు. టామీ జాన్ తన కాలంలో కూడా నెమ్మదిగా వేసే పిచర్. వేగం కంటే బంతి పడే చోటును నమ్ముకున్నవాడు. వెంటర్స్ అదే బంతిని 95 మైళ్లతో వేశాడు. ఇద్దరిని పోల్చి సిద్ధాంతం కట్టలేమని తెలుసు. వేగం ఒకటే ఉన్నా ఇద్దరి మోచేతుల మీద భారం ఒకేలా ఉండదు, విసిరే తీరును బట్టి మారుతుంది. కానీ ఒకే పిచర్ తన వేగం పెంచుకుంటే అతని మోచేతి మీద భారం పెరుగుతుందన్నది ప్రయోగశాలలు మళ్లీ మళ్లీ చూసిన సంగతి.

అటు లీగ్ మొత్తం వేగం పెరుగుతోంది. 2008లో ఫాస్ట్‌బాల్ సగటు గంటకు 92 మైళ్ల లోపు. 2024లో 94 దాటింది. రెండు మైళ్లే కదా అనిపిస్తుంది గానీ, సగటు అంత జరిగిందంటే ఒకప్పుడు అబ్బురమనిపించిన వేగం ఇప్పుడు ఉద్యోగానికి కనీస అర్హత అయిందని అర్థం. జట్ల లెక్కల్లో వేగానికి విలువ స్పష్టంగా కనిపిస్తుంది. బంతి బ్యాటర్‌ను చేరడానికి పట్టేది సుమారు 0.4 సెకన్లు. అందులో కాస్త కోత పెట్టినా స్ట్రైకౌట్లు పెరుగుతాయి. బరువైన బంతులతో సాధన, సెకనుకు వేల ఫ్రేములు తీసే కెమెరాలు, ప్రతి బంతి వేగాన్నీ తిరుగుడునూ కొలిచే యంత్రాలు అన్నీ ఆ పని మీదే ఉన్నాయి. ఏళ్ల పాటు జట్లు వేగాన్ని మైలులో పదో వంతు దాకా కొలిచాయి, మోచేతిని మాత్రం పిచర్ నోటితో 'నొప్పిగా ఉంది' అనేదాకా కొలవలేదు.

జేకబ్ డిగ్రామ్‌ను చూడండి. కాలేజీలో షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్‌గా ఆడినవాడు, పిచర్‌గా పెద్దగా అరగని చేయి. అయినా 2010లో న్యూయార్క్ మెట్స్ తీసుకున్న కొన్ని నెలలకే లిగమెంటు తెగింది. కోలుకుని 2018, 2019లో వరుసగా ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. మామూలుగా ముప్పై దాటాక వేగం తగ్గుతుంది. ఇతనికి ఏటేటా పెరిగింది. 2021లో 33 ఏళ్ల వయసులో సగటు 99 మైళ్లు. ఆ ఏడు 15 ఆటల్లో అతని ఈఆర్‌ఏ 1.08, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌లకు ఒక పరుగు చొప్పున ఇచ్చాడు. జులైలో ముంజేయి మొరాయించింది, సీజన్ అక్కడితో సరి. 2022లో భుజం వెనక రెక్క ఎముకకు దెబ్బ. ఆ ఏడాది చివర టెక్సస్ రేంజర్స్ ఐదేళ్లకు 18.5 కోట్ల డాలర్లు ఇచ్చి తెచ్చుకుంది. 2023లో ఆరు ఆటల్లో జట్టు మొదటి పిచర్‌గా దిగాడు, జూన్‌లో రెండో ఆపరేషన్. ఆ ఏడు రేంజర్స్ మొట్టమొదటిసారి ప్రపంచ సిరీస్ గెలిచినప్పుడు డిగ్రామ్ ఇంకా కోలుకుంటున్నాడు. 2024 సెప్టెంబర్‌లో తిరిగొచ్చి, 2025లో 30 ఆటల్లో మొదటి పిచర్‌గా దిగాడు. సగటు వేగం ఒకటి రెండు మైళ్లు తగ్గింది. బ్యాటర్లకు పెద్దగా ఒరిగిందేమీ లేదు.

అందరికీ అంత తగ్గించుకునే వీలుండదు. 99 వేసేవాడు 97కు దిగితే ఇంకా మొదటి వరసలోనే ఉంటాడు. 94 వేసేవాడు 92కు దిగితే ఉద్యోగం పోతుంది.

ఇక పిల్లల సంగతి. అమెరికాలో ఈ ఆపరేషన్ చేయించుకునేవాళ్లలో పెద్ద వాటా మేజర్ లీగ్ వాళ్లది కాదు. 2007 నుంచి 2011 వరకు బీమా రికార్డులను పరిశీలిస్తే సగానికి పైగా 15 నుంచి 19 ఏళ్లవాళ్లని తేలింది. అంతకంటే చిన్నవాళ్లలో తెగేది లిగమెంటు కాదు, ఎముక పెరిగే చోటు. అక్కడింకా మృదులాస్థే ఉంటుంది, లిగమెంటు కంటే బలహీనం. లాగుడుకు అది విడిపోతుంది. బర్మింగ్‌హామ్ సంస్థే 2006లో మరో అధ్యయనం ప్రచురించింది. చేయి అలసిపోయినా తరచూ వేస్తూ పోయిన కుర్రాళ్లు ఆపరేషన్ దాకా వెళ్లే అవకాశం 36 రెట్లు ఎక్కువ. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి ఆడినవాళ్లకు ఐదు రెట్లు. 2014లో మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పిల్లలకు హద్దులు గీశాయి: తొమ్మిది పదేళ్లవాళ్లు రోజుకు 75 బంతులు మించకూడదు, ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసరడమే మానాలి. స్కూలు జట్టు కోచ్ లెక్కపెడతాడు, శనివారం క్లబ్బు జట్టు కోచ్ తన లెక్క సున్నా నుంచి మొదలుపెడతాడు. డల్లాస్ చుట్టుపక్కల పిల్లల్ని బేస్‌బాల్‌కు తీసుకెళ్తున్న తెలుగు అమ్మానాన్నలు ఎవరైనా ఇది చదువుతుంటే, రెండు జట్ల లెక్కా కలిపి రాసుకునే పుస్తకం మీ దగ్గరే ఉండాలి. కోచ్ దగ్గర ఉండదు.

2012లో వచ్చిన ఒక సర్వేలో హైస్కూలు ఆటగాళ్లలో దాదాపు సగం మంది, దెబ్బ తగలకపోయినా ఆట మెరుగుపడటానికి ఈ ఆపరేషన్ చేయించుకోవచ్చన్నారు. ఆపరేషన్ వేగం పెంచదు. ఏడాదిపాటు పద్ధతిగా కాళ్లకు, నడుముకు, భుజానికి వ్యాయామం చేయిస్తారు కాబట్టి కొందరు పాత వేగాన్ని మించుతారు. ఆ వ్యాయామం కోత లేకుండానే చేయొచ్చు. పిల్లల చేత ఏడాది పొడవునా బంతులు వేయించొద్దని టామీ జాన్ స్వయంగా ఎన్నోసార్లు బహిరంగంగా అన్నాడు.

వైద్యం ఆగిపోలేదు. బర్మింగ్‌హామ్ సర్జన్ జెఫ్రీ డూగస్ 2013 నుంచి మరో పద్ధతి మొదలుపెట్టారు. లిగమెంటు ఎముక దగ్గర మాత్రమే ఊడి, మిగతాది బాగుంటే దాన్నే కుట్టి, పైన కొల్లాజెన్ పూసిన బలమైన టేపు బిగిస్తారు. ఆరేడు నెలల్లో తిరిగి విసరొచ్చు. టెండన్‌నూ టేపునూ కలిపి వాడే పద్ధతులూ వచ్చాయి. బ్రేవ్స్ పిచర్ స్పెన్సర్ స్ట్రైడర్‌కు 2019లో కాలేజీలో ఉండగా పాత పద్ధతి ఆపరేషన్ జరిగింది. 2023లో 281 స్ట్రైకౌట్లతో లీగ్‌లో అందరికంటే ముందున్నాడు. 2024 ఏప్రిల్‌లో టేపు పద్ధతితో రెండోది. టేపు మరమ్మతును తొందరపరిచింది, విసిరే తీరును మార్చలేదు. 2024 డిసెంబర్‌లో మేజర్ లీగ్ తానే ఒక నివేదిక విడుదల చేసింది. 200 మందికి పైగా వైద్యులు, శిక్షకులు, మాజీ ఆటగాళ్లతో మాట్లాడి తయారుచేసిందది. వేగం వెంట పరుగు, బంతికి వీలైనంత మెలిక తిప్పే ప్రయత్నం, ప్రతి బంతికీ ఉన్న బలమంతా పెట్టడం ముఖ్య కారణాలని ఒప్పుకుంది. జట్టులో పిచర్ల సంఖ్య తగ్గించడం వంటి నియమాలు మారిస్తే, ఒక్కో పిచర్ ఎక్కువసేపు ఆడాల్సి వచ్చి బలం దాచుకుంటాడేమోనన్న చర్చ నడుస్తోంది. నాకైతే అది సరైన దారిగానే తోస్తుంది. ఒక ఇన్నింగ్స్ వేసి వెళ్లిపోయేవాడికి దాచుకోవాల్సిన అవసరమేముంది?

ఈ లోపల పరిశోధకులు వెతుకుతున్నది మరొకటి: ఫలానా లిగమెంటులో ఇంకెంత బలం మిగిలిందో బయటినుంచి చెప్పగల పరీక్ష. ఎంఆర్‌ఐ ఆ పనికి చాలదు. నొప్పే తెలియని పిచర్ల మోచేతుల్లోనూ ఎంఆర్‌ఐలో చీలికలు, మందమైన లిగమెంట్లు కనిపిస్తుంటాయి. వాళ్లలో కొందరు అలాగే ఏళ్ల తరబడి ఆడతారు. మోచేతిని పక్కకు కాస్త వంచి, కీలు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటోందో అల్ట్రాసౌండ్‌తో కొలిచే పద్ధతి కొంత ఆశ కలిగిస్తోంది. ఏటా సీజన్ ముందు కొలిచి, నిరుటి కొలతతో పోల్చుకోవచ్చు. తెరుచుకోవడం పెరుగుతోందని తేలినా పిచర్‌కు ఇవ్వగల సలహా ఒకటే, కొన్నాళ్లు విసరడం మానుకోమని. కాంట్రాక్టు చివరి ఏడాదిలో ఉన్న 94 మైళ్ల పిచర్‌కు ఆ కాగితం చూపించి ఒప్పించాల్సింది జట్టు వైద్యుడు, ఆ వైద్యుడికి జీతం ఇచ్చేది జట్టు.